‘తలసరి’లో ‘సరి’ ఎంత? ఆదాయాన్ని బట్టి దేశాల వర్గీకరణ – ఉమ్మడి విశాఖపట్నం జిల్లా నిదర్శనం

వ్యాససంగ్రహం

తలసరి జాతీయాదాయాన్ని బట్టి దేశాలను అల్పాదాయ, దిగువ మధ్యాదాయ, ఎగువ మధ్యాదాయ, అధికాదాయ దేశాలుగా వర్గీకరించే పద్ధతి నేడు పాఠ్యపుస్తకాల్లోనూ పత్రికల్లోనూ స్థిరపడింది. ఈ వర్గీకరణ దేనిని కొలుస్తుంది, దేనిని కొలవదు అన్న విషయాన్ని ఉమ్మడి విశాఖపట్నం జిల్లా నిదర్శనంగా ఈ వ్యాసం వివరిస్తుంది. తలసరి ఆదాయంలో ఆంధ్రప్రదేశ్‌లో మొదటి స్థానంలో ఉంటూనే ఆ జిల్లా వెనుకబడిన జిల్లాల జాబితాలోనూ చోటు పొందింది. లెక్కల్లో పొరపాటేమీ లేకుండానే ఈ వైరుధ్యం ఏర్పడిందని, సగటు ఎక్కడ సరిహద్దు గీశామన్న దానిపై ఆధారపడుతుందని, ‘ఉత్పత్తి’నీ ‘ఆదాయా’న్నీ ఒకే మాటతో వ్యవహరించడం వల్ల గందరగోళం పెరుగుతున్నదని ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: తలసరి ఆదాయం, స్థూల జాతీయాదాయం, జోడించిన విలువ, వర్గీకరణ, సరిహద్దు, ఉమ్మడి విశాఖపట్నం జిల్లా, ఉక్కు కర్మాగారం, వెనుకబాటు.

1. ఉపోద్ఘాతం

ప్రాంతీయ సాహిత్యం మీద, జానపద గిరిజన సాహిత్యాల మీద తెలుగు శాఖల్లో జరిగే పరిశోధనల్లో మొదటి అధ్యాయం తరచు ఆ ప్రాంతపు భౌగోళిక, చారిత్రక, ఆర్థిక పరిచయంగా ఉంటుంది. ఉత్తరాంధ్రను ఎంచుకొన్న పరిశోధకుడికి ఆ అధ్యాయంలో ఒక చిక్కు ఎదురవుతుంది. విశాఖపట్నం జిల్లా తలసరి ఆదాయంలో రాష్ట్రంలో ప్రథమస్థానంలో ఉన్నదని ప్రభుత్వ సామాజిక ఆర్థిక సర్వేలు చెబుతాయి. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టాన్ని అనుసరించి ప్రత్యేక సహాయానికి గుర్తించిన ఏడు వెనుకబడిన జిల్లాల్లోనూ విశాఖపట్నం ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, నాలుగు రాయలసీమ జిల్లాలు దాని తోడు. ఒక్కొక్క జిల్లాకు ఏడాదికి 50 కోట్ల రూపాయల చొప్పున సహాయం నిర్ణయమైంది. 2018 జనవరిలో నీతి ఆయోగ్ ఆధ్వర్యంలో మొదలైన ఆకాంక్షాత్మక జిల్లాల కార్యక్రమానికి ఆంధ్రప్రదేశ్ నుంచి మూడు జిల్లాలు ఎంపిక కాగా, కడప, విజయనగరాలతో పాటు మూడవది విశాఖపట్నమే.

ఒకే జిల్లా, దాదాపు ఒకే కాలం. ఒక పత్రం అగ్రస్థానమంటుంది, మరొక పత్రం వెనుకబాటంటుంది. రెండూ అధికారిక పత్రాలే, రెండూ నిజాలే. పరిశోధకుడు తన వాదానికి అనుకూలమైన దానిని ఉదాహరించి రెండవదానిని విడిచిపెట్టడం సులభం. అలా చేయకుండా రెండింటినీ కలిపి చదవాలంటే తలసరి ఆదాయమనే కొలమానపు నిర్మాణం తెలియాలి. దేశాల వర్గీకరణకు వాడేది కూడా ఇదే జాతి కొలమానం. కాబట్టి జిల్లా స్థాయి చిక్కును విప్పితే దేశాల పట్టికను చదివే పద్ధతి కూడా తేటపడుతుంది.

2. ‘తలసరి’ – పదం, భావం

తెలుగులో మనుషులను తలలతో లెక్కించడం పాత అలవాటు. తలా ఒకటి పంచారంటాం, తలకింత పడిందంటాం. పంపకంలో తల అంటే మనిషి, ఇంటికి కాక మనిషికి ఇచ్చే లెక్క. ‘సరి’కి సమానం, తగినది, ఒప్పు అనే అర్థచ్ఛాయలున్నాయి. ఈ రెండింటినీ కలిపిన ‘తలసరి’ అన్న మాట వినగానే, వచ్చినదాన్ని తలలన్నిటికీ సరిగా పంచిన చిత్రం మనస్సులో మెదులుతుంది. లెక్కలో జరిగేది భాగహారం మాత్రమే. మొత్తాన్ని జనసంఖ్యతో భాగించి వచ్చిన ఫలితానికి పంపకంతో సంబంధం లేదు. ఆ పంపకం వాస్తవంలో జరిగిందని గాని, జరగాలని గాని ఆ అంకె చెప్పదు.

భారతదేశ తలసరి ఆదాయాన్ని మొదట అంచనా కట్టిన దాదాభాయి నౌరోజీకి ఈ భేదం బాగా తెలుసు. 1867-68 సంవత్సరానికి బ్రిటిషు ఇండియాలో మనిషికి ఏడాదికి 20 రూపాయల ఆదాయమని ఆయన లెక్క తేల్చాడు. అక్కడితో ఆగక, జైళ్లలో ఖైదీల తిండికీ బట్టకూ ప్రభుత్వం పెడుతున్న ఖర్చును ఆ అంకె పక్కన ఉంచి పోల్చాడు. సగటును ఒంటరిగా వదలకుండా, బ్రతకడానికి కావలసినంత ఉన్నదా అని అడిగాడు. స్వాతంత్ర్యం తరువాత 1949లో మహలనోబిస్ అధ్యక్షతన జాతీయాదాయ సంఘం ఏర్పడిన నాటి నుంచి ఈ లెక్కలు క్రమబద్ధమయ్యాయి. అంకెలు పెరిగాయి, పద్ధతులు మెరుగయ్యాయి. నౌరోజీ పక్కన పెట్టి చూసిన రెండవ అంకె మాత్రం వార్తల్లో తరచు జారిపోతున్నది.

3. దేశాల వర్గీకరణ – ప్రపంచ బ్యాంకు పద్ధతి

ప్రపంచ బ్యాంకు వర్గీకరణకు ఆధారం తలసరి స్థూల జాతీయాదాయం. ఒక దేశంలో జరిగిన ఉత్పత్తి ద్వారా పుట్టిన ఆదాయానికి, విదేశాల నుంచి ఆ దేశపు నివాసులకు రావలసిన వేతనాలు, వడ్డీలు, లాభాలు కలిపి, విదేశీయులకు పోవలసినవి తీసివేస్తే వచ్చేది స్థూల జాతీయాదాయం. దానిని డాలర్లలోకి మార్చడానికి బ్యాంకు ‘అట్లాస్ పద్ధతి’ని వాడుతుంది. ఒక్క ఏడాది మారకపు రేటును తీసుకొంటే అది ఒడుదొడుకులకు లోనవుతుంది కాబట్టి, మూడేళ్ల రేట్లను ధరల పెరుగుదలలోని తేడాలతో సవరించి సగటు కడుతుంది. ఏటా జూలై 1న కొత్త జాబితా వెలువడుతుంది.

2023 ఆదాయాలను బట్టి 2024 జూలైలో ప్రకటించిన హద్దులు ఇవి:

అల్పాదాయ దేశాలు – 1,145 డాలర్లు, అంతకు లోపు
దిగువ మధ్యాదాయ దేశాలు – 1,146 నుంచి 4,515 డాలర్లు
ఎగువ మధ్యాదాయ దేశాలు – 4,516 నుంచి 14,005 డాలర్లు
అధికాదాయ దేశాలు – 14,005 డాలర్లకు పైన

ఈ హద్దులు 1980ల చివర స్థిరపడ్డాయి. 1987 నాటి ఆదాయాలకు అధికాదాయపు హద్దు 6,000 డాలర్లు. నాటి నుంచి అంతర్జాతీయ ధరల పెరుగుదలకు అనుగుణంగా హద్దులను సవరిస్తున్నారే గాని, ఆకలికో ఆరోగ్యానికో ముడిపెట్టి వాటిని తిరిగి నిర్ణయించలేదు. 2007 నాటి ఆదాయంతో భారతదేశం అల్పాదాయ వర్గం దాటి దిగువ మధ్యాదాయ వర్గంలో చేరింది. నేటికీ ఆ వర్గంలోనే ఉంది.

ఒక వర్గం ఎంత వెడల్పో గమనించాలి. దిగువ మధ్యాదాయ వర్గంలో పై హద్దు కింది హద్దుకు దాదాపు నాలుగింతలు. 2022-23 ముందస్తు అంచనాల్లో తలసరి ఆదాయం ప్రస్తుత ధరల్లో ఆంధ్రప్రదేశ్‌కు సుమారు 2.19 లక్షల రూపాయలు, తెలంగాణకు సుమారు 3.17 లక్షల రూపాయలు. డాలరుకు 80 రూపాయల చొప్పున మోటుగా మార్చితే సుమారు 2,700, 4,000 డాలర్లు. రెండు రాష్ట్రాల మధ్య ఇంత ఎడమున్నా, వాటిని దేశాలుగా ఊహిస్తే రెండూ ఒకే పెట్టెలో పడతాయి. ఈ పోలిక స్థూలమైనదే. రాష్ట్రాల తలసరి ఆదాయం, దేశాల తలసరి జాతీయాదాయం ఒకే వస్తువు కావు. ఆ తేడాయే తరువాతి అంశం.

4. ఉత్పత్తి ఎక్కడ? ఆదాయం ఎవరిది? – ఉక్కు కర్మాగారం

దేశం విషయంలో లోపలికి వచ్చే, బయటికి పోయే ఆదాయాలను లెక్కించడానికి విదేశీ చెల్లింపుల ఖాతా ఉంది. రాష్ట్రాల మధ్య, జిల్లాల మధ్య అటువంటి ఖాతా లేదు. విశాఖ నుంచి బయటి జిల్లాలకు ఎంత వడ్డీ, ఎంత లాభం, ఎంత జీతం తరలిపోతుందో ఏ తనిఖీ కేంద్రంలోనూ నమోదు కాదు. అందువల్ల మన దేశంలో రాష్ట్రాదాయాన్ని, జిల్లా ఆదాయాన్ని ‘ఎక్కడ పుట్టింది’ అన్న దృష్టితో కడతారు, ‘ఎవరికి చేరింది’ అన్న దృష్టితో కాదు. రైల్వేలు, బ్యాంకులు, కేంద్ర ప్రభుత్వ పరిపాలన వంటి వాటిని దేశస్థాయిలో లెక్కించి కొన్ని సూచికల ఆధారంగా రాష్ట్రాలకు పంచుతారు. కనుక జిల్లా తలసరి ఆదాయమని మనం రాసేది వాస్తవానికి జిల్లా హద్దుల్లో జరిగిన ఉత్పత్తి విలువను జిల్లా జనాభాతో భాగించగా వచ్చిన అంకె.

ఈ వ్యాసం రాస్తున్న ఉక్కునగరమే ఇందుకు మంచి నిదర్శనం. 1966 నాటి ఉద్యమ ఫలితంగా 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన విశాఖ ఉక్కు కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. కర్మాగారానికి సొంత ఇనుప గనులు లేవు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలుమార్గంలో దిగి వస్తుంది. కోకింగ్ బొగ్గు ప్రధానంగా విదేశాల నుంచి రేవుకు చేరుతుంది. ఉక్కు అమ్మగా వచ్చిన సొమ్ములో నుంచి ఖనిజం, బొగ్గు వంటి వాటి ఖరీదు తీసివేయగా మిగిలేదే ‘జోడించిన విలువ’. జిల్లా ఉత్పత్తిలో చేరేది ఆ భాగమే. గనిలో పుట్టిన విలువ ఛత్తీస్‌గఢ్ లెక్కలోకి పోతుంది. ఖనిజపు రైలు అరకు కొండల మీదుగా, సొరంగాల గుండా దిగినా, అది దాటే గిరిజన గ్రామాలకు ఆ ఉక్కు విలువలో దక్కే వాటా గురించి ఏ ఖాతా ఏమీ చెప్పదు. అయినా ఉమ్మడి జిల్లా సగటులో ఆ గ్రామాల తలలూ భాజకంలో ఉన్నాయి, ఉక్కు విలువ భాజ్యంలో ఉంది.

జోడించిన విలువ నాలుగు దారుల్లో పోతుంది: ఉద్యోగుల జీతాలు, అప్పులపై వడ్డీ, యంత్రాల తరుగుదల, మిగిలితే లాభం. జీతాల్లో ఎక్కువ భాగం విశాఖలోనే ఖర్చవుతుంది, కొంత ఉద్యోగుల స్వస్థలాలకు చేరుతుంది. వడ్డీ పోయేది ఏ నగరంలో ప్రధాన కార్యాలయమున్న బ్యాంకుకైనా కావచ్చు. లాభం వచ్చినప్పుడు అది యజమాని అయిన కేంద్ర ప్రభుత్వానిది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే మూడు బ్లాస్ట్ ఫర్నేసులు నిప్పుకు అరిగిపోయే యంత్రాలు. ‘స్థూల’ ఆదాయంలో ఆ అరుగుదల కూడా ఆదాయంగానే కనిపిస్తుంది. దానిని తీసివేస్తేనే ‘నికర’ ఆదాయం. భారీ పరిశ్రమలున్న చోట స్థూల, నికర ఆదాయాల మధ్య ఎడం వ్యవసాయ ప్రాంతాల్లో కంటే ఎక్కువగా ఉండడం సహజం.

2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం ఈ సంస్థలో పూర్తి వాటా ఉపసంహరణకు ఆమోదం తెలిపింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ సహాయాన్ని కేంద్రం ప్రకటించింది. ఈ రెండింటి మధ్య ఉక్కునగరంలో సాగిన ఆందోళన యాజమాన్యాన్ని గురించి, ఉపాధిని గురించి, నిర్వాసితుల హక్కులను గురించి. యాజమాన్యం ఎవరిదైనా, ఉత్పత్తి అంతే ఉంటే, జిల్లా తలసరి అంకె మారదు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న నినాదంలో ఉక్కును ఈ కొలమానం లెక్కిస్తుంది. హక్కు దాని పరిధిలోకి రాదు.

దేశాల స్థాయిలోనూ ఇదే భేదం ఎదురవుతుంది. 2015లో ఐర్లండ్ స్థూల దేశీయోత్పత్తి ఒక్క ఏడాదిలో దాదాపు నాలుగోవంతు పెరిగింది. బహుళజాతి సంస్థలు తమ మేధో ఆస్తులను అక్కడి ఖాతాల్లోకి మార్చుకోవడం అందుకు ముఖ్య కారణం. ఐరిష్ ప్రజల బ్రతుకు ఆ మేరకు మారలేదు. అందువల్ల ఆ దేశపు గణాంక సంస్థ ‘సవరించిన స్థూల జాతీయాదాయం’ అనే మరో కొలమానాన్ని రూపొందించుకోవలసి వచ్చింది. ఇందుకు ఎదురు దిశలో మన వలసలు కనిపిస్తాయి. ఏళ్ల తరబడి కువైట్‌లో పనిచేసే కడప, గోదావరి జిల్లాల వారు లెక్కల దృష్టిలో కువైట్ నివాసులు. వారు ఇంటికి పంపే డబ్బు బదిలీ కింద నమోదవుతుంది గాని భారతదేశ స్థూల జాతీయాదాయంలో చేరదు. పల్లెలో ఆ డబ్బుతో లేచిన ఇల్లు కంటికి కనిపిస్తుంది. తలసరి ఆదాయంలో దానికి దారితీసిన సంపాదన కనిపించదు.

5. గీత మారితే సగటు మారుతుంది

2011 జనగణన ప్రకారం ఉమ్మడి విశాఖపట్నం జిల్లా జనాభా సుమారు 42.9 లక్షలు. విస్తీర్ణం 11 వేల చదరపు కిలోమీటర్లకు పైన. రేవు, ఉక్కు, చమురుశుద్ధి కర్మాగారాలున్న నగరం ఒక వైపు, చెరకు వరి పండే అనకాపల్లి మైదానం మధ్యలో, పాడేరు అరకు మన్యంలోని పదకొండు మండలాలు మరో వైపు. 2022 ఏప్రిల్ 4న ఈ జిల్లా విడిపోయింది. నగరప్రాంతం సుమారు 1,048 చదరపు కిలోమీటర్ల విశాఖపట్నం జిల్లాగా మిగిలింది. అనకాపల్లి వేరు జిల్లా అయింది. మన్యం మండలాలు రంపచోడవరం ప్రాంతంతో కలిసి అల్లూరి సీతారామరాజు జిల్లాగా ఏర్పడ్డాయి.

ఈ విభజన సగటును ఏం చేస్తుందో ఊహాంకాలతో చూద్దాం. ఒక జిల్లాలో 40 లక్షల జనం. నగరంలో 20 లక్షల మంది, తలసరి 4 లక్షల రూపాయలు. మైదానంలో 15 లక్షల మంది, తలసరి లక్షన్నర. కొండల్లో 5 లక్షల మంది, తలసరి లక్ష. మొత్తం 1,07,500 కోట్లు, జిల్లా సగటు 2,68,750 రూపాయలు. ఈ అంకె నగరవాసిదీ కాదు, మైదానపు రైతుదీ కాదు, కొండ మీది గిరిజనుడిదీ కాదు. మూడు ప్రాంతాల్లో ఎక్కడా లేని ఒక మనిషిది. ఇప్పుడు మూడు జిల్లాలు చేస్తే, నగర జిల్లా సగటు మరునాటికి 4 లక్షలవుతుంది. ఎవరి జేబులోనూ ఒక్క రూపాయి చేరకుండానే దాదాపు సగం పెరుగుదల. కొండల జిల్లా సగటు లక్షకు పడిపోతుంది, అక్కడా ఎవరూ ఏమీ పోగొట్టుకోలేదు.

మొదట చెప్పిన వైరుధ్యానికి సమాధానం ఇక్కడ ఉంది. సామాజిక ఆర్థిక సర్వే ఉమ్మడి జిల్లా మొత్తం ఉత్పత్తిని చూసింది. ఆకాంక్షాత్మక జిల్లాల కార్యక్రమం ఆరోగ్యం, పోషణ, విద్య, వ్యవసాయం, నీటి వనరులు, ఆర్థిక సమ్మిళితత్వం, మౌలిక వసతులు చూసింది. ఆరోగ్య పోషణలకు 30 శాతం, విద్యకు 30 శాతం ప్రాధాన్యమిచ్చే ఆ కొలతలో తల్లుల, పిల్లల స్థితిగతులు తేలుతాయి. రేవులో దిగిన సరుకు వాటిని కప్పిపెట్టలేదు. విభజన తరువాత ఆ జాబితాలో విశాఖపట్నం స్థానంలో అల్లూరి సీతారామరాజు జిల్లా చేరింది. అగ్రస్థానం నగరంతో ఉండిపోయింది, వెనుకబాటు కొండలతో వెళ్లింది. విడిపోయినప్పుడు రెండు నిజాలకూ రెండు చిరునామాలు దొరికాయి.

విడదీయడంతో సమస్య తీరిందనుకోరాదు. కొత్త విశాఖపట్నం జిల్లా లోపల కూడా అధికారుల నివాసాలు, ఒప్పంద కార్మికుల అద్దె గదులు, నిర్వాసిత కాలనీలు, మత్స్యకార పేటలు ఒకే సగటులో ఒదిగి ఉన్నాయి. కొండల జిల్లాలోనూ లెక్కకు అందనిది చాలా ఉంది. గిరిజన సహకార సంస్థకు అమ్మిన చింతపండు, తేనె విలువ నమోదవుతుంది. ఇంటి అవసరానికి అడవి నుంచి తెచ్చుకొన్నది సూత్రం ప్రకారం లెక్కలో చేరవలసినదే, ఆచరణలో సరిగా అందదు. ఊటనీరు మోసుకొచ్చే స్త్రీ శ్రమ కూడా ఆచరణలో లెక్కకు సరిగా అందదు.

6. వర్గీకరణ ఫలితాలు

పట్టికలో స్థానం మాటకే పరిమితమైతే ఇంత చర్చ అవసరం లేదు. తలసరి ఆదాయం నిధుల దారిని నిర్ణయిస్తుంది. ఆదాయం పెరిగిన కొద్దీ భారతదేశానికి ప్రపంచ బ్యాంకు అనుబంధ సంస్థ అయిన అంతర్జాతీయ అభివృద్ధి సంఘం ఇచ్చే చౌక రుణాల అర్హత 2014లో ముగిసింది. దేశం లోపల, కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను నిర్ణయించేటప్పుడు 15వ ఆర్థిక సంఘం ‘ఆదాయాంతరా’నికి 45 శాతం ప్రాధాన్యం ఇచ్చింది. తలసరి ఉత్పత్తి తక్కువ ఉన్న రాష్ట్రానికి ఎక్కువ వాటా అన్నది దాని సారం. 2014లో రాష్ట్రం విడిపోయి హైదరాబాదు ఉత్పత్తి తెలంగాణ భాజ్యంలోకి పోయింది. 15వ ఆర్థిక సంఘం ఆంధ్రప్రదేశ్‌కు 4.047 శాతం, తెలంగాణకు 2.102 శాతం వాటా సిఫారసు చేసింది. జనాభా, విస్తీర్ణాలతో పాటు ఆదాయాంతరం కూడా ఈ తేడాకు కారణం. తెలంగాణలోని ఒక వెనుకబడిన మండలం హైదరాబాదుతో ఒకే సగటులో ఉన్నందువల్ల రాష్ట్రం ద్వారా దానికి చేరవలసిన కేంద్ర వాటాపై ఆ సగటు ప్రభావం పడుతుంది. పాడేరు, విశాఖల మధ్య జరిగింది కూడా ఇలాంటిదే.

7. పరిశోధకులకు కొన్ని సూచనలు

సాహిత్య పరిశోధనలో ఆర్థిక నేపథ్యం రాసేటప్పుడు ఈ నాలుగు విషయాలు పేర్కొనడం మేలు.

7.1. హద్దు: ఏ సంవత్సరపు ఏ జిల్లా? 2022కు ముందు ‘విశాఖపట్నం జిల్లా’ వేరు, తరువాత వేరు. రెండు కాలాల అంకెలను పక్కపక్కన పెట్టి ‘పెరుగుదల’ అనరాదు.

7.2. స్వభావం: అది ఉత్పత్తా, ఆదాయమా? జిల్లా అంకెకు ‘తలసరి ఉత్పత్తి’ అని, దేశపు అంకెకు ‘తలసరి జాతీయాదాయం’ అని వేరువేరుగా రాస్తే సగం గందరగోళం తీరుతుంది. స్థూలమో నికరమో కూడా చెప్పాలి.

7.3. ధరలు: ప్రస్తుత ధరలా, స్థిర ధరలా? ప్రస్తుత ధరల్లో కనిపించే పెరుగుదలలో ధరల పెరుగుదల కూడా కలిసి ఉంటుంది.

7.4. తోడు అంకె: నౌరోజీ చేసినట్లు, సగటు పక్కన బ్రతుకును చెప్పే మరొక కొలతను ఉంచాలి. అక్షరాస్యత, శిశుమరణాలు, కూలిరేటు, భూవసతి వీటిలో ఏదైనా కావచ్చు.

నాలుగవ సూచన సాహిత్య విద్యార్థికి కొత్తది కాదు. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథలో ఊరు అభివృద్ధి చెందిందన్న లెక్క ఒకటి, ఒక కుటుంబం మోసే అప్పు లెక్క మరొకటి. ఆ రెండు లెక్కలూ పొసగని చోటే కథ నిలుస్తుంది. ఉత్తరాంధ్ర కథను చదివిన పరిశోధకుడు తన మొదటి అధ్యాయంలోని గణాంకాన్ని కూడా అదే కంటితో చదవగలడు.

8. ముగింపు

తలసరి ఆదాయాన్ని బట్టి దేశాలను వర్గీకరించడం నిరుపయోగం కాదు. రెండు వందలకు పైగా ఉన్న ఆర్థిక వ్యవస్థలను ఒకే కొలతతో, ఏటా, బహిరంగమైన నియమాలతో చూపగల మరొక సులభ సాధనం లేదు. అయితే ఆ కొలత చెప్పేది ఒక గీత లోపలి మొత్తాన్ని ఆ గీత లోపలి తలలతో భాగిస్తే ఎంత అన్నంతవరకే. గీత ఎవరు గీశారు, మొత్తంలో ఎంత గీత దాటిపోతున్నది, తలల్లో ఎవరికి ఎంత చేరింది అన్న ప్రశ్నలు చదువరి అడగవలసినవి. ఉమ్మడి విశాఖపట్నం జిల్లా ఒకేసారి మొదటి వరుసలోనూ వెనుకబడిన వరుసలోనూ నిలబడి ఈ పాఠాన్ని చెప్పింది. ఉత్తరాంధ్రను గురించి రాసే ప్రతి సిద్ధాంతవ్యాసంలోనూ ఆ రెండు వాక్యాలూ పక్కపక్కనే ఉండాలి.